మొదటి లాగుడు

1979 ఫిబ్రవరి 20, మంగళవారం

పొద్దున గడ్డకట్టే చలి. మధ్యాహ్నం నుంచి కొండల మీదుగా గాలి, ఒకటే దుమ్ము. పొయ్యిలో బూడిద ఎత్తి బయట పోశాను. వెర్నాకి ఓట్స్ జావ ఇచ్చాను, సగం తాగింది. తన చచ్చుబడ్డ కుడిచేతికి నూనె రాశాను. వ్యాయామం వద్దంది.

సాయంత్రం డెల్బర్ట్ తన ట్రక్కులో ఒక స్లాట్ మిషన్, నాణెం వేసి హ్యాండిల్ లాగే జూదం మిషన్, తెచ్చాడు. ఎలీ ఊరవతల మూతపడ్డ బార్‌లోదట. అయిదు సెంట్ల నాణేలది, మూడు బొమ్మల రీళ్లది. నేనూ అతనూ రీనోలో జూదం క్లబ్బు మెకానిక్కులుగా చేరేనాటికే పాతబడ్డ రకం. ముందు పలక మీద ఎవరో గోడలకి వేసే పచ్చరంగు పూసేశారు. లోపల ఎలుక గూడు కట్టుకుంది.

"దీన్నేం చేసుకోమంటావు?" అన్నాను.

"బాగుచేసుకో. లేదంటే పైన పూలకుండీ పెట్టుకో. నువ్విలా గోడకి ఆనించిన చీపురులా నిలబడితే మాత్రం చూళ్లేకపోతున్నానోయ్," అన్నాడు.

ఇద్దరం మోసి గరాజులో దించాం. వెర్నా కిటికీ పక్కనున్న మంచం మీదనుంచి చూసింది.

ఫిబ్రవరి 21

గాలి తగ్గలేదు. దుప్పట్లు ఉతికాను. మిషన్ వెనక తలుపు తీసి లోపలి యంత్రం మొత్తం బయటికి లాగాను. ఏళ్ల తరబడి ఒలికిన బీరు, సిగరెట్ పొగ, నూనె కలిసి బంకలా పట్టేసింది. విడదీసి కిరసనాయిల్లో నానబెట్టాను. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండాలో మరిచిపోకుండా పాత దుప్పటి మీద వరసగా పరిచాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. విప్పి, మళ్లీ బిగించలేక, తిట్లు తిని నేర్చుకున్నాను.

వ్యాయామం వద్దంది.

ఫిబ్రవరి 22

వద్దంది.

ఫిబ్రవరి 24, శనివారం

ఎండ. వెర్నా చెల్లెలు ఓపల్ ఫాలన్ నుంచి వచ్చింది. పందిమాంసమూ బంగాళాదుంపలూ పెట్టి కాల్చిన పళ్లెం తెచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లంతా కళ్లతోనే ఊడ్చింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

"హార్లన్, అద్దంలో మొహం చూసుకున్నావా? శవానికి గడ్డం గీసినట్టుంది. అక్కకి పక్షవాతం వచ్చింది నవంబర్లో. ఇప్పుడు మార్చి రాబోతోంది. నువ్వొక్కడివీ ఎన్నాళ్లని ఎత్తి దించుతావు? మా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది. కోడలు నర్సు. తనని నాకిచ్చెయ్యి."

"తనేమన్నా కుర్చీనా ఇచ్చెయ్యడానికి?"

"కుర్చీకైనా నీకంటే మంచి కళ ఉంటుంది. పద, తననే అడుగుదాం."

అడిగాం. వెర్నా కిటికీలోంచి చూపు తిప్పకుండా, "మీ ఇష్టం," అంది.

పెళ్లయ్యాక ఆ మాట తన నోట నేను వినలేదు. వచ్చే నెలాఖరు శనివారం, మార్చి 31న, వచ్చి తీసుకెళ్తానంది ఓపల్.

మంచిదే. అక్కడ చూసుకునేవాళ్లున్నారు.

ఫిబ్రవరి 27

మంచు కురిసింది. గరాజులో వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పనంతా ముందుగదిలోకి, వెర్నా మంచం పక్క బల్ల మీదికి మార్చాను. చలి వల్లే.

"ఇల్లు పెట్రోలు బంకులా కంపు కొడుతోంది," అంది వెర్నా. ఈ వారంలో తను అన్న అతి పెద్ద మాట అదే.

ఈ మిషన్లో రీళ్లని ఒకదాని తర్వాత ఒకటి ఆపేది చిన్న గడియారం లాంటి భాగం, కొసన రెక్కలు తిరుగుతుంటాయి. కడిగి, ఆరబెట్టి, చేత్తో తిప్పి వదిలాను. బాగానే తిరిగింది.

"దగ్గుతోంది," అంది వెర్నా, తల తిప్పకుండానే.

నాకేమీ వినపడలేదు. భూతద్దం పెట్టి చూస్తే ఒక చక్రం పళ్ల సందులో వెంట్రుకంత పీచు. ఎలుక గూటిది. తీసి మళ్లీ వదిలాను.

"ఇప్పుడో?"

"ఇప్పుడు నోరు మూసుకుంది."

ఇరవై ఏళ్లు ఆ క్లబ్బులో నడుముకి నాణేల సంచీ కట్టుకుని చిల్లర ఇచ్చింది వెర్నా. మిషన్ల వరసల మధ్య నడుస్తూ, ఏది పాడవబోతోందో చెవితోనే చెప్పేది. నేను తాళాలు పట్టుకుని వెనకాల తిరిగేవాణ్ణి. పెళ్లికి ముందు మా పరిచయమంతా అదే.

వ్యాయామం అడగడం మరిచిపోయాను.

మార్చి 3, శనివారం

ముందు పలక మీది పచ్చరంగు ఊడదీశాను. దాని కింద ఎర్రరంగు, దాని కింద నల్లరంగు, అన్నిటికిందా అసలు లోహం. ఎన్ని బార్లు మారిందో. డెల్బర్ట్ భోజనానికి ఉన్నాడు. బీన్స్, మొక్కజొన్న రొట్టె.

"ఎప్పటికవుతుంది?" అన్నాడు.

"నెలాఖరుకి."

"మరి మొదటి లాగుడు ఎవరిది?" అని వెర్నా వైపు చూశాడు.

క్లబ్బులో మాకొక కట్టుబాటు ఉండేది. మిషన్ బాగుచేసి వెనక తలుపు మూసిన మెకానిక్కు మొదటి హ్యాండిల్ తను లాగకూడదు. చేసినవాడి చెయ్యి తనకి తెలియకుండానే తన పనికి సాయం చేస్తుంది. వేరేవాళ్లు లాగాలి, వాళ్లు ఒప్పుకున్నాకే మిషన్ జనంలోకి వెళ్లాలి. నేను చేసిన ప్రతి మిషన్‌కీ ఆ చెయ్యి వెర్నాదే.

"నా చెయ్యి చచ్చిపోయింది డెల్బర్ట్. ఇంకో పిల్లని చూసుకోండి," అంది.

"ఇంకో పిల్లా? మా మొహాలకా? నువ్వంటే అలవాటుపడి జడుసుకోవడం మానేశావు."

"పోనీ ఎడం చేత్తో లాగనా?"

"హ్యాండిల్ కుడి పక్కనుంది తల్లీ. మిషన్ మీద అడ్డంగా పడుకుని లాగు. వాకిట్లో నిలబడి టిక్కెట్లు అమ్ముతాను."

వెర్నా నవ్వబోయి మానేసినట్టుంది. నోరు ఒక పక్కకే వెళ్తుంది గనక ఖాయంగా చెప్పలేను.

మార్చి 5

వ్యాయామం సరేనంది.

మార్చి 8

వాన, తర్వాత ఎండ. నర్సు మిసెస్ టోబిన్ వచ్చి చెయ్యి చూసింది. మోచెయ్యి పైకి లేస్తోంది. రబ్బరు బంతి వేళ్లతో పట్టింది గానీ నొక్కలేకపోయింది.

"పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు," అంది మిసెస్ టోబిన్.

ఆమె వెళ్లాక వెర్నా, "మిషన్ గురించి నువ్విలా చెబితే ఆ పూటే ఉద్యోగం ఊడేది," అంది.

మార్చి 10

పక్కల ఓక్ చెక్క గీకి మైనం పట్టించాను. రీళ్ల మీది బొమ్మల కాగితాలు చిరిగాయి, చెర్రీలు గోధుమరంగుకి దిగాయి. కొత్తవి అతికిద్దామని తీస్తుంటే వెర్నా వద్దంది.

"వాటినే ఉండనీ. పళ్లు లేకపోయినా ముసలిదాని మొహం ముసలిదానికే బావుంటుంది."

తర్వాత బీరువాలోంచి తన పాత చేతి తొడుగు తెమ్మంది. రోజంతా ఆడే ఆడవాళ్లు కుడిచేతికి తొడుక్కునేవారు. నాణేల నలుపు అంటకుండా. ఎందుకని అడిగితే, "వేళ్లు జారుతున్నాయి," అంది. తొడిగాను. ఒక్కో వేలూ సర్దడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరికీ నడుం నొప్పి.

మార్చి 14

అన్నీ బిగించాను. వెనక తలుపు ఇంకా మూయలేదు. "ఇది లెక్కలోకి రాదు, ఊరికే చూద్దాం," అని వెర్నాని చక్రాల కుర్చీలో మిషన్ పక్కకి తెచ్చాను.

హ్యాండిల్ కొసనున్న గుండు పట్టుకుంది. లాగింది. సగందాకా వచ్చింది. చెయ్యి జారి ఒళ్లో పడింది. హ్యాండిల్ మాత్రం అక్కడే, సగంలోనే నిలబడిపోయింది.

ఈ మిషన్లు అంతే. కాస్త లాగి వదిలి మోసం చేసేవాళ్ల కోసం లోపల ఒక పళ్ల చక్రం పెట్టారు. ఒకసారి లాగడం మొదలుపెడితే హ్యాండిల్ వెనక్కి పోదు. అడుగుదాకా లాగితేనే విడుదల. నేను వెనకనుంచి చెయ్యిపెట్టి ఆ పట్టు విడిపించాను.

"మంచం మీదికి తీసుకెళ్లు," అంది.

మార్చి 15

వద్దంది.

మార్చి 16

వద్దంది. బట్టలు ఉతికాను. గాలికి సగం పక్కింటివాళ్ల కంచె మీద పడ్డాయి.

ఓపల్ ఫోన్ చేసింది. గది సిద్ధం చేసిందట. కొత్త పరుపు కొన్నదట.

మార్చి 17

రీళ్లని తిప్పే పెద్ద స్ప్రింగు తుప్పు పట్టింది. అంత తుప్పుతో ఉంచకూడదు. గరాజులో జాలీ తలుపు స్ప్రింగు ఒకటి కనపడితే కోసి, కొసలు వంచి పెట్టాను. హ్యాండిల్ తేలిగ్గా వస్తోంది. చిటికెన వేలితో లాగినా వస్తోంది.

మార్చి 18

ఈ స్ప్రింగుతో రీళ్లు ఒక్క చుట్టే తిరుగుతున్నాయి. తిరిగి, మొదలుపెట్టిన చోటే ఆగుతున్నాయి. ఇది లోపం. రేపు సరిచెయ్యాలి.

మార్చి 19

వాన. పైకప్పు మూల కారుతోంది, బకెట్ పెట్టాను. స్ప్రింగు సంగతి రేపు చూడాలి.

మార్చి 20

ముందు పలకకి మెరుగు పెట్టాను. అద్దం తుడిచాను. అద్దంలోంచి చూస్తే మూడు నారింజలు ఒకే వరసలో ఉన్నాయి. ఎలా వచ్చాయో పట్టించుకోలేదు.

మార్చి 21, బుధవారం

వెనక తలుపు మూశాను. వెర్నాని ఒప్పించడానికి పొద్దంతా పట్టింది. నాణెం ఎడంచేత్తో తనే వేసింది. కుడిచెయ్యి ఎత్తి గుండు మీద పెట్టాను, వేళ్లు తనే ముడిచింది. లాగింది. హ్యాండిల్ అడుగుదాకా వచ్చింది. రీళ్లు ఒక చుట్టు తిరిగి ఆగాయి. మూడు నారింజలు. నాణేలు గలగలా కింది గిన్నెలో పడ్డాయి.

నేను చప్పట్లు కొట్టాను.

వెర్నా గిన్నె వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఇంకో నాణెం వెయ్యి."

"అలిసిపోతావు."

"వెయ్యి."

లాగింది. ఒక చుట్టు. మూడు నారింజలు.

"ఏ స్ప్రింగు పెట్టావు?"

"పాతది తుప్పు పట్టింది."

"హార్లన్. నేనడిగింది ఏ స్ప్రింగని."

"జాలీ తలుపుది."

ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది:

"ఉన్నదంతా పోగొట్టుకుని ఏడుస్తూ కూర్చున్నవాళ్లని క్లబ్బులో ఏం చేసేవాళ్లం? గిన్నెడు సూపు పోసి, ఊరెళ్లడానికి బస్సు టిక్కెట్టు చేతిలో పెట్టేవాళ్లం. జాలి కాదు. హాల్లో ఏడుపు మొహం కనపడకూడదు, అంతే. ఇదీ అదేనా? ఫాలన్‌కి బస్సు టిక్కెట్టా?"

"కాదు."

"నవ్వుతూ ఎక్కాలనా?"

"కాదు వెర్నా."

"మరి చప్పట్లెందుకు కొట్టావు? ఇరవై ఏళ్లలో ఎప్పుడన్నా కొట్టావా?"

గిన్నెలో నాణేలు ఏరి జేబులో వేసుకున్నాను.

మార్చి 22

మాట్లాడలేదు.

మార్చి 23

కోడి సూపు చేశాను. గిన్నె చూసి, "టిక్కెట్టేది?" అంది. తాగలేదు.

మార్చి 25, ఆదివారం

డెల్బర్ట్ వచ్చాడు. వెర్నా నిద్రపోతోంది. జరిగింది చెప్పాను.

"ఒరేయ్, వెర్నాకే మోసపు మిషన్ పెట్టావా? నగల కొట్టువాడికి గాజురాయి అమ్మబోయావన్నమాట. బుర్రుందా నీకు?"

"తను గెలవాలని కాదు."

"మరి?"

"అయిపోవాలని."

డెల్బర్ట్ కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. అతను కప్పు కడగడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 26

పాత స్ప్రింగు మళ్లీ పెట్టాను. అంత తుప్పేమీ లేదు. అసలు తుప్పే లేదు.

ఎత్తి కూర్చోబెట్టడం, నూనె రాయడం, దుప్పట్లు ఉతకడం లేని ఆదివారం ఎలా ఉంటుందా అని నేను అనుకున్న మాట నిజం. ఒక్కసారి కాదు. పనిలో ఉన్నప్పుడు, పళ్లు తోముకుంటున్నప్పుడు, తను పిలిచి నేను లేచేలోపు. తనకి ఇది ముందే తెలిసి ఉంటుంది. మిషన్ దగ్గు విన్న మనిషికి నా నిట్టూర్పు వినపడదా?

"పెట్టాను," అని చెప్పాను.

"ఏది?"

"అసలుది."

"ఊఁ," అంది. అంతే.

మార్చి 28

వ్యాయామం తనే అడిగింది. బంతి నొక్కింది. నొక్కుడు పడింది గానీ నిలవలేదు. ఇంకా అంది, ఇంకా అంది, చివరికి నేనే ఆపాను.

ఓపల్ ఫోన్ చేసింది. శనివారం పదింటికల్లా బయల్దేరాలట. వెర్నాని, "గౌన్లు ఎన్ని సర్దమంటావు?" అని అడిగాను.

"నువ్వేం సర్దకు."

ఓపల్ వచ్చి సర్దుతుందనా, ఇంకేదన్నానా? అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, దాన్నిబట్టి నా మొహం మారుతుంది, అది చూస్తుంది.

మార్చి 29

పైకప్పు మూల తారు పూశాను. నడుం నొప్పి. తొందరగా పడుకున్నాను.

మార్చి 30, శుక్రవారం

ఎండ. గాలి లేదు. బీన్స్ పొద్దున్నే పొయ్యి మీద పెట్టాను. దుప్పట్లు ఆరేశాను.

భోజనం కాకముందే వెర్నా కుర్చీలో కూర్చోబెట్టమంది. తొడుగు తొడగమంది. మిషన్ పక్కకి తోయమంది.

"వెనక తలుపు మూశావా?"

"మూశాను."

"తాళం వేసి, తాళంచెవి నా ఒళ్లో పెట్టు."

పెట్టాను. నాణెం వేసింది. కుడిచెయ్యి ఎత్తడానికి ఎడంచేత్తో సాయం పట్టింది గానీ, గుండు పట్టుకున్నాక ఎడంచెయ్యి తీసేసింది. లాగింది. సగందాకా వచ్చింది. ఆగిపోయింది. ఈసారి చెయ్యి కిందికి జారలేదు, గుండు మీదే ఉంది. భుజం ఊడిపోతుందేమో అన్నట్టు ఉంది.

"విడిపించనా?" అన్నాను.

"తాళంచెవి నా దగ్గరుంది."

"ఇవ్వు వెర్నా. చెయ్యి పాడవుతుంది."

"ఇంకేం పాడవుతుంది? ఉన్నదే పాడయింది."

"ఎంతసేపలా కూర్చుంటావు?"

"నీకేం? నీకు రేపటినుంచి ఖాళీయేగా."

నేను కదల్లేదు. అదే మాట మళ్లీ మెల్లిగా, తిట్టులా కాకుండా అంది: "నీకు ఖాళీ కావాలని నాకు తెలుసు హార్లన్. నాక్కూడా నానుంచి ఖాళీ కావాలనే ఉంటుంది. అది వేరే సంగతి. ఇప్పుడు నువ్వు వంటింట్లోకి పో. నువ్వు చూస్తుంటే నా చెయ్యి నీకోసం లాగుతోంది."

వచ్చి ఇక్కడ కూర్చున్నాను. ఇది రాస్తున్నాను. బీన్స్ ఉడుకుతున్నాయి. గోడవతల చప్పుడు లేదు. కుర్చీ కిర్రుమంది, అంతే. ఇటువైపు రైల్వే యార్డులో గూడ్సు బండి పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలాయి, ఆ మోతలో ఇంకేం జరిగినా నాకు వినపడదు. బండి పోయింది. ఇంకా చప్పుడు లేదు. లేచి వెళ్దామని రెండుసార్లు అనుకున్నాను. వెళ్లి తాళంచెవి లాక్కునే బలం నాకుంది. వెళ్లలేదు. కాఫీ పెట్టుకుందామనుకున్నాను. అదీ పెట్టలేదు.

ఓపల్ రేపు పదింటికి వస్తుంది. పెట్టె కిందికి దించాలా అని—

రీళ్లు. నిండుగా తిరుగుతున్నాయి. అసలు స్ప్రింగు చప్పుడు. మొదటిది ఆగింది. రెండోది. మూడోది. నాణేలు పడలేదు. ఏమీ రాలేదు.

ఏ చేత్తో లాగిందో నేను చూడలేదు.

"హార్లన్!" అని అరుస్తోంది. "రెండో రీలు ఈడుస్తోంది! చెవుల్లో దూది పెట్టుకుని బిగించావా? ఓపల్‌కి ఫోన్ చెయ్యి, రేపు రావద్దని చెప్పు. ఇది కుదిరేదాకా నేనెక్కడికీ వెళ్లను. నిన్నే, వినపడుతోందా? వచ్చి తలుపు తెరువు!"

తాళంచెవి తన దగ్గరే ఉంది. వస్తున్నా అని అరిచాను. ముందు బీన్స్ కింద మంట తగ్గించాలి.